ఖాళీ పెట్టె

బూదవ్వ మా ఇంటికొచ్చి ఏడేండ్లు.
బల్లార్షాల ఎండ నలభై ఏడు దాటిన పగటీలు
కూలరు మాకంటే ముందు దాని గదిలనే తిరిగింది.
పదిహేను రోజులకో మిడత వేస్త.
ఒక కాలు లేపి, ఆలోచించి,
మళ్ల తీసిన చోటనే పెడ్తది.
నిండు బొగ్గు లారీ కాంటా ఎక్కినట్టు నడుస్తది.
నేను కాంటా గుమస్తాను, నాకా నడక ఎరికే.

దాన్ని సాదుకుంట నేనేదో నేర్చిన అనుకున్న.
కోపం రానిదాని పక్కన నిలవడి
ధైర్యమున్నోన్ని అనుకునుడు అల్కగనే ఉంటది.

నాందేడ్ నుంచి బైరి విలాస్ ఫోను.
మగ్గాల షెడ్డు మూసినంక వాడు టరాంటులాలే పెంచుతున్నడు.
"సాలోళ్లం గద మామా, సాలెపురుగునన్న ఇడువొద్దని" అంటడు.
చెట్ల మీద బతికే జాతి పిల్ల ఒకటున్నదట.
"బూదవ్వ లెక్క గాదు. ఇది చెప్పి కరువది.
మూత సందులకెళ్లి నీ మోచేతి దాకా
నువ్వు రెప్ప కొట్టకముందే వస్తది.
పానం పోదు గని రెండు రోజులు ఆ చెయ్యి నీది గాదు."
ధర చెప్పలే. ఒకటే అడిగిండు,
"తయారున్నవా?"

పొడుగు పట్కారు కొన్న.
తయారంటే అదే అనుకున్న ఒక దినమంత.

సారక్క చాయ్ వడగడుతు అన్నది,
"అది చెయ్యెక్కితే ఇదిలిస్తవా, ఆగుతవా?"
పద్దెనిమిదేండ్ల కాపురంల
నా చేతుల సంగతి ఆమెకు తెలిసినంత నాకు తెల్వది.
వేడి గ్లాసు రెండుసార్లు జారిడిసిన,
కాలిందనిగాదు, కాలుతదేమోనని.

అందుకే ముందు పెట్టె ఒక్కటే తెచ్చిన, పురుగు లేకుంట.
నిలువు అద్దాల పెట్టె. లోపల వెదురు బొంగు, టేకు బెరడు.
నలభై రోజులు దాంట్ల అది ఉన్నదనే లెక్క.
రాత్రి డ్యూటీ దిగి వచ్చి
బెరడు ఎనుక టార్చి కొట్టి,
ఎక్కడున్నదో చూసినట్టే చూసి,
అప్పుడు గొళ్లెం తీసుడు.
పట్కారుతోనే నీళ్ల మూత. చెయ్యి లోపలికి పోవొద్దు.
గొళ్లెం. మళ్లొకసారి గొళ్లెం.
బిడ్డ వైదేహి క్యాలెండరు గడిల
బడిల నేర్చిన మరాఠీల రాస్తది: పళాలా నాహీ.
పారిపోలే, పారిపోలే, పారిపోలే.
ముప్పై గడులు అట్లనే నిండినయి.

ముప్పై ఒకటో రాత్రి కాంటా కాడ లొల్లి.
రెండు టన్నులు ఎక్కువున్నదన్నందుకు
డ్రైవరు నా కాలరు వట్టిండు.
ఇంటికొచ్చి అన్నం గూడ తినలే.
నీళ్లు పెట్టిన్నో లేదో యాదికి లేదు.

తెల్లారి సారక్క ఒర్రలే.
గుమ్మంల నిలవడి మెల్లగ,
"మూత తెరిచున్నది."

ఖాళీ పెట్టె.
అయినా ఉత్త కాలు ఎవ్వరం నేల మీద పెట్టలే.
ఆమె దుప్పట్లు ఒక్కొక్కటే దులిపింది.
వైదేహి బడి బూట్లు బోర్లించి కొట్టింది.
నేను కూలరు గడ్డిల టార్చి కొట్టిన,
బియ్యం డ్రమ్ము జరిపిన.
లేనిది దొరకదని తెలిసి
అద్దగంట దేవులాడినం.
ఒక్కరం నవ్వలే.
తర్వాత పిల్ల పోయి ఆనాటి గడిల
ఒక్క మాటే రాసింది: పళాలా.

విలాస్‌కు ఫోను చేసిన, ఇంకా కాలేదన్న.
ఎక్కిరిస్తడనుకున్న.
"నాది రెండుసార్లు పోయింది మామా," అన్నడు,
"నిండు పెట్టె."

ఇయ్యాల మళ్ల ఒకటో దినం.
బూదవ్వ నెల నుంచి మిడత ముట్టుత లేదు,
పొట్ట నల్లవడ్డది, తోలు ఇడిసే కాలం.
ఎల్లెలుకల పంటది, సచ్చినట్టే కొడ్తది,
ఆగలేక ముట్టుకుంటే నిజంగనే సస్తది.
తలుపు దగ్గరికేసి బయట కూసున్న.
కాగితం మిల్లు సైరను మోగింది.
చేతులు ఒళ్లె పెట్టుకున్న,
ఆగుతున్నయో లేదో చూసుకుంట.