నిలబడినందుకు

సోఫా కింద చీటీ ఎవరూ చూడరనుకున్నాం.
మోంటెవీడియోలో, పోసీతోస్ పేటలో ఏడో అంతస్తు.
కిటికీ నిండా సముద్రమని అందరూ పొరబడే నది.
కుక్కపిల్ల బంతి దొర్లిపోయింది,
దానికోసం వంగిన పళ్ల డాక్టరుకి
కార్ఖానావాళ్లు అంటించిన ధర దొరికింది.

మర్నాడు పొద్దున్నే ఫోను.
"నలభై ఒక్క వేల పెసోలకి కొని
నాకు యాభై తొమ్మిదికి అమ్మారు.
దీన్ని మీరేమంటారు?"

మేం దీన్ని మార్జిన్ అంటాం.
ఫోన్లో అనలేదు.
నేను లెక్కలు రాసే మనిషిని,
జవాబులు చెప్పేది నిల్దా.

నిల్దా ఎచెవెరి.
ముప్పై నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల ఇళ్లు సర్దుతోంది,
సొంత ఇంటికి ఇప్పటికీ కర్టెన్లు లేవు.
షాపు అద్దె కట్టడానికి ముందు రోజు
నా బల్ల దగ్గరికొచ్చి
కాలిక్యులేటర్ మీద దుమ్ము తుడుస్తుంది.
ఎంత ఉందని అడగడం అంటే అదే.
నేను వేళ్లు చూపిస్తాను. ఒక్కోసారి పిడికిలి.

డాక్టరు సంగతి చెప్తే
"తగ్గించి పంపు," అంది.
"ఆయన చెల్లెలు కొత్త ఫ్లాటు కొంటోంది."
అది వ్యాపారం, నాకు అర్థమవుతుంది.

కానీ ఆ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు
టేపు రెండో కొస పట్టుకున్నది నేనే.
నిల్దా కిటికీ పక్కన నిలబడింది.
పదకొండింటి నుంచి రెండింటి దాకా.
ఎండ నేల మీద ఎంతవరకు పాకితే అంతవరకు
నా చేత సుద్దముక్కతో గీత గీయించింది.
డాక్టరు భార్య ఏ వైపు ఒరిగి చదువుతుందో అడగలేదు,
పాత కుర్చీ ఏ చెయ్యి అరిగిందో చూసింది.
ఎడమది.
దీపం ఎటు పెట్టాలో అప్పుడే తేలిపోయింది.
చిట్టచివర, బ్యాగు సర్దుకుంటూ,
"ఆకుపచ్చ వద్దు. మబ్బు పట్టి ఈ నది బూడిదయ్యే రోజుల్లో
ఆకుపచ్చకి జబ్బు చేస్తుంది."

ఆ ఒక్క మాటకి ముప్పై మీటర్ల బట్ట తప్పింది.
కొన్న బట్టకి రసీదు ఉంటుంది,
తప్పిన బట్టకి ఎవరిస్తారు?

రాత్రి షాపు మూసేశాక రిజిస్టరు తెరిచాను.
బట్ట, స్పాంజి, కొయ్య, కుట్టుకూలి, లారీ.
ఎనిమిదేళ్లుగా గళ్లు నింపుతున్నాను,
అసలేదో కొసరేదో నాకు తెలుసనే ధీమాతో.
తీరా చూస్తే ఇన్నాళ్లూ
అసలుని కొసరులో కలిపి రాస్తున్నాను.

బిల్లు మళ్లీ రాశాను. నిల్దాకి చెప్పలేదు.
సోఫా, కొన్న ధరకే: నలభై ఒక్క వేలు.
కింద ఇంకో వరస:
నిలబడినందుకు, మూడు గంటలు: పద్దెనిమిది వేలు.
మొత్తం మారలేదు.

డాక్టర్ బెల్త్రాన్ స్వయంగా వచ్చాడు.
పంటి గుంతలో నింపే సిమెంటు
గ్రాము ఎంత పడుతుంది డాక్టరు గారూ
అన్న ప్రశ్న నాలిక కొసన పెట్టుకుని కూర్చున్నాను.
ఆయన కాగితం చదివాడు. కళ్లజోడు తీసి
మళ్లీ చదివాడు. నా ప్రశ్న
ఆయనే వేసుకున్నట్టుంది, దవడ నిమురుకున్నాడు.

"రెండు గంటలకి ఇస్తాను," అన్నాడు.
"మూడో గంటంతా ఈవిడ మా ఇంట్లో మాతే తాగింది."

నిల్దా అప్పుడే మొదటిసారి ఆ బిల్లు చూడటం.
నా వైపు చూసింది, బిల్లు వైపు చూసింది.
"ఆకుపచ్చ వద్దన్నది మూడో గంటలోనే."

ఆయనేం మాట్లాడలేదు.
యాభై మూడు వేలకే చెక్కు రాశాడు.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి
చెల్లెలి ఫోను నంబరు ఇచ్చాడు,
అది ఆరువేలకి జమ వేయాలో లేదో
నా చదువులో ఎవరూ చెప్పలేదు.

తలుపు మూసుకున్నాక నిల్దా కుర్చీ లాక్కుంది.
కాలిక్యులేటర్ తుడవలేదు.
"గంటకి ఎంత వేశావు?"
"ఆరు వేలు."
నా పెన్సిలు తీసుకుంది,
కాసేపు దాని మొన చూసింది.
"తక్కువ వేశావు," అంది.