తొమ్మిదేండ్ల ఖాళీ

ముహర్రక్‌ల ముత్యాల సేఠుల పాత గల్లీ,
జబ్బార్ కాక ఫ్రేముల దుకాణం.
ఏసీ నీళ్ళు బకెట్ల టిక్కు టిక్కుమని పడుతున్నయి.
దలాల్ అనే ముసలామె
ఎర్ర మఖ్మల్ గుడ్డల చుట్టి తెచ్చింది దాన్ని,
నా అరచెయ్యంత కాయితం.

అండ్ల ఒక ఆడామె సూదిల దారం ఎక్కిస్తున్నది.
ఒక కన్ను మూసింది. పక్కన కిటికీ.
మూడు వందల యాభై ఏండ్లయినా
దారం ఇంక ఎక్కలే.

లండన్ నుంచి వచ్చిన పరీక్షల మేడం
భూతద్దం పెట్టి చెప్పింది:
రాగిరేకుకు మైనం పూసి, సూదితోటి గీసి,
తేజాబుల ముంచితె
గీసినకాడల్లా రేకును తేజాబు తిన్నదట.
తొలుత తీసిన కాయితాల మీదనే ఈ కిటికీ,
తర్వాత ఎందుకో ఆ ఉస్తాదే రేకు మీద గీకి పారేసిండట.
కిటికీ ఉన్నయి ప్రపంచం మొత్తంల నాలుగో, ఐదో.

రేకు సంగతి నాకు ఎరికే.
కోరుట్ల బస్టాండు ఎదురుంగ స్టీలు సామాన్ల దుకాణంల
పదకొండేండ్లు బాసండ్ల మీద పేర్లు కొట్టిన.
చుక్క పక్కన చుక్క, అక్షరానికి పావలా.
ఏ బిందె ఎవల పెండ్లిదో, ఏ బగోన ఎవల దినాలకు పంచిందో
అంత నా చేతులకెళ్ళే పోయింది.
ఇచ్చినోని పేరు కొట్టమంటరు.
నీళ్ళు మోసేదాని పేరు ఎవ్వలూ కొట్టమనరు.

కాయితం వెనుకకు తిప్పిన. గాడ గూడ గదే.
గుండ్రటి ముద్ర, కిరీటం ముద్ర, వంకర సంతకం,
పెన్సిలుతోటి ఎవడో రాసుకున్న నంబరు.
మేడం ఒక్కొక్కటి చదువుతున్నది:
హాలెండ్ల మందులమ్మేటాయన, ప్యారిస్‌ల ఒక దొర,
వియన్నాల పండ్ల డాక్టరు.
ముప్పై ఎనిమిది దాకా లెక్క ఉన్నది.
మళ్ళ నలభై ఏడుల బొంబాయి.
దలాల్ తాత ముత్యాలు అమ్మనీకి పోయి
గుప్పెడు సన్నముత్యాలకు ఈమెను తెచ్చుకున్నడు.
నడుమ తొమ్మిదేండ్లు ఏమీ లేదు.
"ఆచూకీ లేదు" అని రాసుకున్నది మేడం.
ధర సగానికి పడుతది అన్నది.

జబ్బార్ కాక నా దిక్కు చూసి ఊకున్నడు.
ఆయనకు తెలుసు,
ఈ ఒడ్డున నేను గూడ మూడేండ్లు ఖల్లివల్లి.
పాస్‌పోర్టు కఫీల్ కాడ,
నేను సిత్రాల కోళ్ళ షెడ్డు వెనుక.
క్షమాభిక్ష పెట్టిననాడు లైన్ల నిలబెట్టి అడిగిండ్రు:
ఇన్నేండ్లు ఎక్కడున్నవ్?
ఉన్నకాడ ఉన్న, అన్న.
వాండ్లు రాసుకోలే.

కాయితాన్ని వెలుతురుకు పట్టిన.
లోపల జోకరు టోపీ గుర్తు కనబడితె
మేడం చిన్నపిల్ల లెక్క మురిసింది.
నేను చూసింది వేరే:
నిలువు ఒక మడత, అడ్డం ఒక మడత,
రెండూ కలిసినకాడ కాయితం మెత్తబడి, పసుపుబారి.
మేడం దాన్ని "దెబ్బ" అని రాసింది.

దెబ్బ కాదు మేడం.
గా తొమ్మిదేండ్లు ఈమె గోడకున్న మనిషి కాదు,
అంగి లోపల ఉన్న మనిషి.
గీ చెమట నాకు ఎరికే.
నా పాస్‌పోర్టు జిరాక్సు నా రొమ్ము మీద గిట్లనే మెత్తబడ్డది.

ఇదంత అందామనుకున్న. ఇంగ్లీషుల మాట కలవలే.

దలాల్ ఒక్కతే వేలు ఆ మడత మీద పెట్టి, తీసి,
అమ్మ, అన్నది. ఫ్రేము కట్టుమన్నది.

కిటికీ కిందికి పోకుండ అట్ట కోసిన.
నల్ల కర్ర, పద్దెనిమిది దీనార్లు,
బిల్లు మీద కాక పేరు, దుకాణం పేరు.
అందరు పోయినంక
వెనుకట్ట లోపలి దిక్కు, పాత అలవాటుకు,
మేకు మొనతోటి చుక్క పక్కన చుక్క
ఒక్క మాట కొట్టిన:
ఉండె.

మేకు జారి బొటనవేలుకు గీసుకున్నది.
అట్ట మీద రక్తం పడకుండ
వేలు నోట్ల పెట్టుకున్న.