కాలువ కట్టేసిన నెల

మే నెలలో కాలువ కట్టేస్తారు.
నిండుగా పారినన్నాళ్లూ పెద్దమనిషిలా కనబడే అమలాపురం కాలువ
పంచె జారిన ముసలాడిలా నిలబడిపోతుంది.

లాకు దగ్గర లస్కరు ఏడుకొండలు
కొక్కెం కర్రతో గుర్రపుడెక్క లాగుతుంటే
దాని వేళ్లకి చుట్టుకుని ఊరంతా పైకొస్తుంది.
సెలైన్ సీసాలు, పెళ్లిభోజనాల థర్మోకోల్ పళ్లేలు,
రొయ్యల మేత సంచులు, ఒంటి చెప్పు,
డైపర్లు, ఎన్ని డైపర్లో!
"ఇదివరకు చచ్చిన దూడొచ్చేదండి,
దానికి తోలు ఒలిచేవాళ్లుండేవారు.
దీనికెవరున్నారు?"

మా తాత పిల్లనిచ్చే ముందు
ఇల్లు చూళ్లేదు, ఇత్తడి చూళ్లేదు.
నేరుగా దొడ్లోకెళ్లి పెంటపోగు ఎత్తు చూశాడట.
పెంటుంటే పశువులున్నట్టు,
పశువులుంటే చేనున్నట్టు,
చేనుంటే పిల్ల అన్నం తింటున్నట్టు.
ఊక బూడిదై అంట్లు తోమేది,
తోమిన నీళ్లు అరటిపాదుకి,
అరటాకు విస్తరికి, విస్తరి గేదెకి,
గేదె మళ్లీ పెంటపోగుకి.
చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ.
"పారెయ్" అనే మాట
మా మామ్మ నోట ఎప్పుడూ వినలేదు.

ఇక్కడ ఆపేస్తే బాగుండు.
ఈ కథ చెప్పినప్పుడల్లా
మా ఇంట్లో ఇక్కడే ఆపేస్తారు.

దొడ్డి వెనక ఒక సందుంది.
తెల్లారకముందే తట్టా, బూడిదా, రేకుముక్కా పట్టుకుని
నూకాలు వచ్చే సందు.
చిన్న తలుపు తీసి ఆమె నెత్తికెత్తుకున్నది
ఏ అరటిపాదు లెక్కలోకీ రాలేదు.
దాహమంటే దోసిట్లోకి పైనుంచి ఒంపేవాళ్లం,
చెంబు తగలకుండా.
దేన్నీ పారెయ్యని మా ఇల్లు
రోజూ పొద్దున్నే ఒక మనిషిని పారేసేది.

సెప్టిక్ ట్యాంకు వచ్చాక
ఆ తలుపుకి ఇటుకలు పేర్చి సున్నం కొట్టారు.
ఇప్పుడు ముందు గుమ్మంలోకే బండొస్తుంది మైకులో పాడుకుంటూ.
ఆకుపచ్చ కోటేసుకుని దిగుతుంది
నూకాలు మనవరాలు కెజియా.
"తడిదీ పొడిదీ వేరు చెయ్యండమ్మా,
ఎన్నిసార్లు చెప్పాలి?"

వేరు చెయ్యడం
మాకు నేర్పాలా కెజియా?
తరతరాలుగా మాకు బాగా వచ్చిన పని
అదొక్కటే కదా.

జూన్‌లో నీళ్లొదులుతారు.
ఏడుకొండలు లాగిపడేసిన గుట్ట
గట్టుమీద, కొబ్బరిచెట్టు మొవ్వు దాకా లేచి, ఎండుతోంది.
మా తాత దూరం నుంచి చూస్తే
ఎత్తుకి మురిసిపోయి
ఈ ఊరికి పిల్లనిచ్చేసేవాడే.
దగ్గరికొచ్చి
కాలితో ఒకసారి కెలికేదాకా.