బూట్లు దులిపే చోటు

దిగువన నిజ్వాలో ఏసీలు గురకపెట్టే వేళ
జబల్ అఖ్దర్ వాలు మీద నేను
స్వెట్టర్ తొడుక్కుని సమ్మెట అందుకుంటాను.
ఓదెలు అన్న నా పేరు
ఇక్కడికొచ్చి ఉదైల్ అయింది. పర్వాలేదు, పలుకుతాను.

మాది రాళ్లు కొట్టిన ఇల్లు.
తాత బండను చెవితో చూసేవాడు.
తట్టి, విని, ఈడ పగుల్తది అనేవాడు.
ఆ చెవి నాకు రాలేదు.
మస్కట్‌లో ఆరేండ్లు సిమెంటు కలిపిన చేతులు నావి,
సందు కనిపిస్తే మూయడమొక్కటే
వాటికొచ్చిన చదువు.

హమూద్ బిన్ సలూమ్ మొదటిరోజే నేల చూపించాడు.
పిడికెడు మట్టికి తట్టెడు కంకర.
మా దిక్కు దీన్ని మొరం అని రోడ్డుకు పోస్తారు.
బిందెడు నీళ్లు కుమ్మరించాడు. ఎటు పోయినయో!
రేగడిలో అయితే పొద్దుగూకే దాకా
ఎద్దు గిట్టలో ఆకాశం నిలబడి ఉండేది.
ఇక్కడ చెమ్మ కూడా సాక్ష్యం చెప్పలేదు.

"తాగింది" అన్నాడు, వచ్చీరాని హిందీలో.
"పారిపోయింది" అన్నాను నేను.
దానిమ్మ చెట్టు ఎవరి పక్షమూ పలకలేదు.

కొండంతా మెట్ల మడులే.
కొన్ని మంచమంత, కొన్ని అరుగంత.
ఒక్కోదాన్ని ఒక్కో రాతిగోడ
బిడ్డను సంకనేసుకున్నట్టు ఎత్తుకుని నిలబడింది.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయికి రాయి ఆని, నడుమ వేలు దూరే సందులు.
చూస్తుంటే నాకు చేతులు దురద.

జనవరిలో ముసలాయన ఆసుపత్రికి పోయిన వారం
రెండు బస్తాలు తెప్పించి
గులాబీ మడి గోడను నున్నగా మెత్తేశాను.
నాలుగు రోజులు క్యూరింగు.
ఫోటో తీసి అన్నకు పంపితే
బొటనవేలు ఎత్తి పంపాడు.

ఏడాది బాకీ ఒక్క గంటలో
వసూలు చేసుకునే వాన ఇక్కడిది.
ఆ రాత్రి పాత గోడలన్నీ సందుసందునా ఏడ్చినయి,
ఏడ్చి తెల్లారేసరికి ఊరుకున్నయి.
నాది ఏడవలేదు.
పళ్లు బిగబట్టి నీళ్లను ఆపింది.
దాని పొట్ట ఉబ్బింది.
రెండో జామున ఒక చప్పుడు.
తాతకైతే ముందే వినిపించేది.

హమూద్ తిట్టలేదు. తిడితే బాగుండు.
సిమెంటు పెచ్చును అటూ ఇటూ తిప్పి
"దీనికి నోరు పెట్టలేదు నువ్వు" అన్నాడు.
ఖర్జూరాల ఖాళీ బస్తాలు నా చేతికిచ్చి
లోయలో వాగు చూపించాడు.

పందొమ్మిది రోజులు.
గాడిద మీద కొంత, నా వీపు మీద కొంత.
వాగులో అందరి మట్టీ కలిసి పడి ఉంది.
ఆయన వంగి, వేళ్ల నడుమ నలిపి,
ఇది నాసర్ వాళ్లది వదిలెయ్,
ఇది మనది ఎత్తు, అంటుంటే నవ్వొచ్చింది.
మట్టికి ఇంటిపేరా?

పన్నెండో రోజో పదమూడో రోజో
నా గుప్పిట్లోకి గులాబీ వేరొకటి,
కుండ పెంకు, ఎండిన మేక పెంటిక వచ్చినయి.
మనది, అన్నాను.
ఆయనింకా చూడనే లేదు.

గోడ మళ్లీ పెట్టాం, ఉత్త రాళ్లతో.
వెనక సన్న కంకర, దాని వెనక మట్టి.
సందులు ఆయన లెక్కపెట్టి వదిలించాడు.
ఒక రాయిని తట్టి చెవి ఆనించాను.
ఏమీ చెప్పలేదు.
ఇంకోసారి తట్టాను.

సాయంత్రం దిగేముందు
మడి అంచున నిలబడి బూట్లు దులపాలి.
అది ఆయన పెట్టిన రూలు.
పిసినారి అనుకున్నాను, వాన రాకముందు.

మొన్న వీసా మెడికల్‌కు నిజ్వా పోయాను.
ఎక్స్‌రే గది బయట బూట్లు విప్పమన్నారు.
తెల్లటి టైల్స్ మీద టకటకా
మూడు గులకరాళ్లు, చిటికెడు దుమ్ము.
చీపురు పట్టుకొచ్చిన బంగ్లా పిల్లాణ్ని
ఆగు భాయ్ అని
మోకాళ్ల మీద కూర్చుని ఏరుకున్నాను.
దుమ్మును టోకెన్ కాగితంలో పొట్లం కట్టాను.
లోపల నా నంబర్ పిలుస్తున్నారు,
ఆ నంబరేమో పొట్లం లోపల.

రేపు పైకి పోగానే అప్పజెప్పాలి.