ఫ్రీజ్ నొక్కి మాట్లాడతాను

"ఏటి మేడమ్, ఈ సప్పుడు లోపల గుంటకి తగల్దా?"
గరికిన పైడితల్లి అడిగింది,
పొట్ట మీద జెల్ చల్లదనానికి ఉలిక్కిపడి.
జాలారిపేట నుంచి మహారాణిపేట దాకా
ఆటో గతుకుల్లో వచ్చిన తొమ్మిది వారాల కడుపు.

సప్పుడే అయితే నాకూ వినబడేది.
సెకనుకి ముప్పై అయిదు లక్షల సార్లు వణికేదాన్ని
ఏ చెవి పట్టుకుంటుంది?
తగలదా అంటే, తగులుతుంది.
తగిలితేనే కదా తిరిగొచ్చేది,
తిరిగొస్తేనే కదా బొమ్మ.

ఇదంతా ఆమెకి చెప్పలేదు.
ముందు ఫ్రీజ్ నొక్కాను.
బొమ్మ తెర మీద ఉండిపోతుంది,
శబ్దం లోపలికి పోవడం మానేస్తుంది.
ఇరవై రెండేళ్ల అలవాటు.
నా మాటలు సాగినంతసేపు
చిక్కుడుగింజంత ప్రాణాన్ని
ఎందుకు ఆ వణుకులో నిలబెట్టడం?

తెర మూలన రెండు చిన్న అంకెలుంటాయి,
ఒకటి వేడికి, ఒకటి బుడగకి.
వాటిని చదివి చెప్పమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.
పాలగిన్నె మీద మా అమ్మ వేసినట్టు
ఓ కన్ను అటు వేసి ఉంచుతాను.

చదువుకునే రోజుల్లో ఒక ల్యాబ్‌లో చూశాను.
గాజుపళ్లెంలో కణాలు, పక్కన మేం కలిపిన గాలిబుడగలు.
శబ్దం తాకగానే బుడగ ఉబ్బింది, నలిగింది, చితికింది.
పక్కనున్న కణం పొరలో చిల్లు.
కాసేపటికి ఆ చిల్లు తనంతట తనే పూడింది,
తెగిన వలకన్నుని ఎవరో కూర్చుని అల్లినట్టు.
అన్నీ పూడలేదు.
పూడనివాటిని లెక్కపెట్టడమే నాకిచ్చిన పని.

పైడితల్లి కడుపులో ఆ బుడగల్లేవు.
లోపలున్నదానికి గాలంటే ఇంకా తెలీదు.
తొలి ఊపిరి తీయకపోవడమే
ప్రస్తుతానికి దాని రక్ష.

"హాని కనబడలేదమ్మా, ఇన్నేళ్లలో" అన్నాను.
"అంటే నేదనే కదా?"
కనబడలేదుకీ, లేదుకీ మధ్య
సన్నటి సందుంది.
నా కుర్చీ వేసుకున్నది అక్కడే.
"అవసరమైనంతే చూస్తాను" అన్నాను.
ఆమె తలూపింది. ఆ జవాబు
చాలిందో లేదో నాకు తెలీదు.

ఈలోగా ఎల్లాజీ ఫోన్ తీశాడు.
"గుండె సప్పుడు ఇనిపించండి మేడమ్, రికార్డు సేసుకుంతాను."
అది వినిపించాలంటే శబ్దాన్నంతా
ఒకే గీత మీద పోయాలి,
గింజ మీద ఎండ కుప్పపోసినట్టు.
మూడు నెలలు నిండనీ అన్నాను.
మొహం చిన్నబోయింది.
బదులుగా గీత చూపించాను:
తెర మీద ఎగుడుదిగుడుగా, తడబడకుండా,
నిమిషానికి నూట డెబ్భై.
"మా బోటులో సేపల మిషను నాగే ఉంది!"
అలాంటిదే.
నీ మిషను చప్పుడు చేపకి తగలదా అని
అడగబోయి మానేశాను.

నాకు తెలిసినంతలో
ఈ గదిలో గాయపడింది ఒక్కటే, నా కుడి భుజం.
ప్రోబ్ నొక్కి పట్టీ పట్టీ
జడ వేసుకోడానికి కూడా చెయ్యి లేవడం మానేసింది.
సాయంత్రం దొండపర్తిలో
ఫిజియోథెరపిస్టు ధనంజయ దగ్గరికెళ్తే,
అదే జెల్, అదే చల్లదనం,
దాని మీద ముతక శబ్దం.
పగలంతా ఎవరికీ అంటకుండా కాచిన వేడిని
నా కండలోకి కావాలనే పోస్తున్నాడు.

"ఒకేచోట ఆపకు, ఎముక మండుతుంది."
"తెలుసు మేడమ్."
గుండ్రంగా తిప్పుతూ చెప్పుకొస్తున్నాడు:
గాజువాక ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్, కొడుకు స్కూలు ఫీజు,
కిటికీలోంచి పడుతున్న స్టీల్‌ప్లాంట్ నుసి.

ఆ మెషిన్‌కి ఫ్రీజ్ లేదు.
మాటలు వింటూనే
నేను అతని చేతినే చూస్తున్నాను,
ఆగుతుందేమోనని.