ఎదురుకాళ్ళు

ముందు పిరుదులు, అంది ఎర్మెలిందా.
తలుపు పక్కన ఆ వెడల్పాటి గట్టు ఉంది చూడు,
అరుగు మీద కూర్చున్నట్టు కూర్చో.
తర్వాత తల. వంచి లోపలికి.
కాళ్ళు ఆఖర్న. ఒక్కొక్కటే. బూట్లు విప్పి.

మోదెనా ఊరి చివర, టైర్ల కొట్టు వెనకాల
ఆమె సీట్లు కుట్టే షెడ్డు.
నోట్లో నాలుగు గుండుసూదులు, మెడలో టేపు.
నా ఆరడుగుల నాలుగంగుళాలనీ
తప్పు కొలతకి కోసిన గుడ్డని చూసినట్టు చూసింది.

కారు పంతొమ్మిది వందల డెబ్భై అయిదుది.
ఆవపూల పసుపు. నడుమెత్తు కూడా లేదు.
ఫ్రీస్‌లాండ్‌లో, పాలకేంద్రం గోడ మీది కేలండర్లో
పదకొండేళ్ళప్పుడు చూశాను దీన్ని.
అప్పుడు నేను దీన్లో పట్టేవాణ్ణి.
డబ్బు కూడేసరికి అరవై ఒకటి.

మొదటిసారి ఎక్కినప్పుడు
మోకాళ్ళు స్టీరింగుకి చెరోపక్కా,
గుండు పైకప్పుకి అతుక్కుని.
మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టొద్దంటారు గానీ
ఈ కారు గీసినవాడు
సరిగ్గా ఆ ముడే వేశాడు.
క్లచ్ తొక్కితే బ్రేకు కూడా కదిలింది:
పాదం ఒక్కటే, దాని కింద రెండు పెడళ్ళు.
ఒళ్ళు దగ్గర పెట్టుకో అని లోకం ఎన్నిసార్లు అన్నా
ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఎర్మెలిందా సీటు విప్పింది.
రొట్టె కోసే కత్తితో లోపలి స్పాంజి కోసింది,
పొర పొరగా.
ఎక్కు. దిగు. ఎక్కు.
పొరకి వేలెడు చొప్పున తల కిందికొచ్చింది.
మూడో పొర దగ్గర ఆగి,
ఇంకా తీస్తే రోడ్డు మీద కూర్చుంటావు, అంది.
పట్టాలు వెనక్కి జరిపింది: రెండు బోల్టులు, నాలుగు బూతులు.
కారు పెరగదు. మిగతాది నువ్వే తగ్గాలి.

తగ్గడం నాకు రాదనుకున్నాను.
ముప్పై నాలుగేళ్ళు పశువుల డాక్టర్ని.
అర్ధరాత్రి పాకల్లో, ఆవులో భుజం దాకా చెయ్యి పెట్టి
వెతికేవాణ్ణి, ఇది గిట్ట, ఇది మూతి, ఇది మోకాలు.
ఇరుకులోంచి ఒక ఒళ్ళు ఏ వరసలో వస్తుందో
నా వేళ్ళకి తెలుసు.
ముందుకాళ్ళు, వాటి మీద ఆనించిన ముక్కు,
ఆ తర్వాత భుజాలు, ఒకటి ముందు, ఒకటి కాస్త ఆగి.

భుజాలు!
మర్నాడు కుడి భుజం ముందు తోసి
ఎడమదాన్ని ఆపి తోశాను.
పట్టాను.

పో నది గట్టు వెంట, వరసగా నాటిన పాప్లార్ చెట్లు.
మొదటి పది కిలోమీటర్లూ కాళ్ళ గురించే.
రెండో గేరు అనుకుని నాలుగోది వేసి
ఒక ట్రాక్టరు ముందు ఆగిపోయాను.
ఆయన టోపీ తీశాడు,
నాకో, కారుకో.
ఎక్కడో ఒక వంతెన దాటాక
మోకాళ్ళున్న సంగతి మర్చిపోయాను.
ఏ వంతెనో చెప్పలేను.
చెప్పగలిగితే మర్చిపోయినట్టు కాదుగా.
వెనక పన్నెండు సిలిండర్లు
నా వెన్నుపూసల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి
సరిపోయాయన్నాయి.

పెట్రోలు బంకు దగ్గర తలుపు తెరిచాను.
ఎడమ కాలు బయటికి. దాని వెనకే కుడిది.
వేడి సిమెంటు మీద సాక్సులు.
అక్కడ ఆగిపోయింది వ్యవహారం.
నడుం గట్టు మీద, తల కప్పు కింద,
చేతులు ఎక్కడున్నాయో తెలీదు.

పుల్ల ఐసు చీకుతూ ఒక పిల్ల వచ్చి
చాలాసేపు చూసింది.
ఇరుక్కుపోయారా?
లేదమ్మా, అన్నాను.
ఎదురుకాళ్ళతో వస్తున్నాను. కొంచెం ఆలస్యమవుతుంది.

పుల్లని పళ్ళ మధ్య పెట్టుకుని
నా రెండు మడమలూ పట్టుకుంది.