ఇరవై ఆరు నిమిషాల తుప్పు

ట్యాంకరు నిండను అరగంట పడతాది.
షువైఖ్ నీళ్ళ స్టేషన్లో నా వంతొచ్చింది,
పైపు తగిలించి క్యాబిన్లో కూచున్నాను.
దస్తగిరి కొడుకు ఫోన్లోకి పంపినాడు:
"నాయనోళ్ళది కొత్త ఆల్బమ్, విను మామా."

విననన్నాను.
పోయిన రెండిటికీ మోసపోయినోణ్ణి.
సాల్మియా హోటల్లో కోట్లు తొడుక్కున్నారు,
వయొలిన్లు తెచ్చినారు, సముద్రమ్మీద వెన్నెలంట,
పెంచలయ్య కళ్ళు మూసుకొని పాడినాడు.
శ్రుతి కుదిరింది. పాట పోయింది.

మీకు ఆ షెడ్డు సంగతి తెలీదు.
రెండువేల ఒకటి. పెషావరు మెకానిక్కు
శుక్రవారాలు అరువిచ్చిన గ్యారేజీ.
రొడెల్ ముందర డ్రమ్ములు యాడివి?
రెండు ఆయిలు డబ్బాలు, ఒక టయోటా బానెట్టు.
ఎలీషమ్మది చర్చి గిటారు,
తెగినవి తెగంగా నాలుగు తీగలు మిగిలి
అదే బేసు అయింది.
వారమంతా వంటింటెనక గదిలో
గుసగుసగా బతికే మనిషి
ఆ మూడు గంటలూ మైకు కన్నా గట్టిగుండేది.
పేరెందుకు తుప్పని పెట్టినారంటే
ఈ గాలికి ఊరికే పుట్టేది అదొక్కటే
అనేవాడు పెంచలయ్య.

నలభై క్యాసెట్లు చేసినారు. ఒకటి నాది.
అకామా పోయి వెళ్ళిపోతా ఉన్న రూమ్మేటు జేబులో
దాన్ని పెట్టి విమానమెక్కించినాను,
వానికి ఇంటికి పట్టకపోను ఇంకేం లేక.

సరే, నొక్కినాను.

మొదట దగ్గు.
పెంచలయ్యదే. యాభై ఆరేళ్ళ దగ్గు, కోసేయలేదు.
ఆనక రొడెల్ లెక్క: వాహద్, త్నేన్...
మూడు అనకముందే దూకినాడు, అప్పట్లాగే.
ఆ తొందరకే కదా బేకరీలో వాణ్ణి
రెండుసార్లు పనిలోంచి తీసేసింది.
గేరు రాడ్డు మీద నా చెయ్యి అదిరింది.
ఇంజననుకున్నాను.
ఇంజను ఆపే ఉండాది.

దస్తగిరి గిటారుకు శ్రుతి లేదు.
అల్లా, ఎంత బాగుండాదో లేకపోవడం!

మూడో పాట ఒకటిన్నర నిమిషం.
పదకొండు నుంచి నాలుగు దాకా
ఎండలో పని పెట్టరాదని చట్టం,
చట్టం ఏసీలో ఉండాది
మనం పైకప్పు మీదుండాం. అంతే పాట.
నాలుగుసార్లు అదే.
అయిదోసారి ఎలీషమ్మ ఒక్కతే,
అరవకుండా, కూరగాయల పద్దు చెప్పినట్టు,
ఇరవై మూడేండ్ల జీతంలో కోసుకున్న దినార్లు
ఫిల్సులతో సహా చదివింది.

నా వెనక ట్యాంకరు మలయాళీ దిగొచ్చి
కిటికీ పక్కన నిలబడినాడు.
తెలుగు ఒక్క ముక్క రాదు.
తల ఊపుతా ఉండాడు.

కుర్రతనం తిరిగొచ్చిందని రాసినాడు దస్తగిరి కొడుకు.
వానికేం తెలుసు,
కట్టుడు పళ్ళు తీసేసి పాడినాడు పెంచలయ్య.
కఫీల్ అన్నప్పుడల్లా ఫ అంతా గాలే,
ఉమ్మినట్టు వినపడతాది.
అప్పట్లో వీళ్ళ కోపం పరిగెత్తేది.
ఇప్పుడు దానికీ మోకాళ్ళ నొప్పులు,
కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టే ఎక్కతాది,
ఎక్కి, అదే తలుపు కొడతాది.

తొమ్మిది పాటలు. ఇరవై ఆరు నిమిషాలు.
ఇంకా నాలుగు నిమిషాల నీళ్ళుండాయి.
పైపు చప్పుడొక్కటే.
మలయాళీ వేళ్ళు నా డోరు రేకు మీద
టకటకమని ఊరుకోలేదు,
పెచ్చొకటి లేసి గోరు కింద ఇరుక్కుంది.
దాన్ని చూసుకొని, నన్ను చూసి
"మర్రా సానియా" అన్నాడు.

మళ్ళీ దగ్గు. వాహద్, త్నేన్...

వెనక హారన్లు.
ట్యాంకు పొంగి ఇసకలోకి పోతా ఉండాది.
పోనీ.